రేంజ్ ఒక్కటే చూసి ట్రాన్స్‌మిటర్ కొనొద్దు

సంపాదకులు గారికి నమస్కారాలు.

మీ ఆదివారం అనుబంధంలో వేసవి సెలవుల సరదాల మీద వేసిన పేజీ చదివాను. మోడల్ విమానాలకు అందులో చోటిచ్చినందుకు సంతోషం. మన సీమ జిల్లాల్లో ఈ పిచ్చి ఉన్నవాళ్లు తక్కువ, వాళ్ల కోసం తెలుగులో రాసేవాళ్లు ఇంకా తక్కువ. కానీ ట్రాన్స్‌మిటర్, అంటే మోడల్‌ను నడపడానికి చేత్తో పట్టుకునే రేడియో, ఎలా ఎంచుకోవాలో చెప్పిన ఆ నాలుగు వాక్యాలు మాత్రం కొంప ముంచేవే. రేంజ్ ఎంత ఎక్కువుంటే అంత మంచిదన్నారు, ఛానళ్లు (ఒక్కో కదలికకు ఒక్కోటి కావాలి) కూడా అంతేనన్నారు, గ్లైడర్‌కైనా హెలికాప్టర్‌కైనా ఏదో ఒకటి సరిపోతుందన్నారు. ఆ కటింగ్ పట్టుకుని పిల్లల తండ్రులు నా దగ్గరికి వస్తున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైంది, కత్తిరించుకుంటారో ఏం చేస్తారో మీ ఇష్టం.

అనంతపురం కమలానగర్‌లో నాకు టీవీ, రేడియో రిపేరు షాపు ఉంది. మిద్దెల మీద దూరదర్శన్ యాంటెన్నాలు తిప్పిన రోజుల నుంచి నడుస్తోంది. ఇప్పుడు టీవీలు రిపేరుకు రావు, ఇన్వర్టర్లూ మిక్సీలూ వస్తాయి. గ్లైడర్లు ఎగరేయడం నా సరదా. మా మేనల్లుడు పెనుకొండ వైపు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు, వాడిది హెలికాప్టర్ల పిచ్చి. సెలవు దొరికితే ఇద్దరం ఒకే బీట్లో నిలబడతాం గానీ రేడియో విషయంలో మాకు మాట కుదరదు. "మామా, నీ దాంట్లో సగం స్విచ్చులు నాకు పనికిరావు. నాకు కావాల్సిన ఒక్క స్విచ్చేమో వేలికి అందదు" అంటాడు. వాడు అనేదాంట్లో న్యాయముంది. ఎందుకో కిందికి వస్తే తెలుస్తుంది.

ముందు రేంజ్ సంగతి చూద్దాం. ఇప్పుడు అంగట్లో దొరికే ట్రాన్స్‌మిటర్లు దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ మీద పనిచేసేవే. పేరున్న ఏ సెట్ అయినా, మోడల్‌లో కూర్చుని దాని సిగ్నల్ అందుకునే ఫుల్ రేంజ్ రిసీవర్ పెడితే, కిలోమీటరు దాకా ఇబ్బంది లేకుండా అందుతుంది. రెండు మీటర్ల రెక్క ఉన్న గ్లైడర్ ఐదారు వందల మీటర్ల అవతలికి పోయిందంటే ఆకాశంలో చిన్న గీతలా మిగులుతుంది, ముక్కు ఎటుందో తోక ఎటుందో తెలియదు. చిన్న హెలికాప్టర్ అయితే అందులో సగం దూరం కూడా అక్కర్లేదు, మన వైపు చూస్తోందో అటు చూస్తోందో అర్థం కాక చేతులు వణుకుతాయి. పైగా 2021లో వచ్చిన డ్రోన్ రూల్స్ ప్రకారం మోడల్ విమానాన్ని కంటికి కనపడే దూరంలోనే ఎగరేయాలి, అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్‌లో అయినా 400 అడుగుల ఎత్తు దాటకూడదు. అలాంటప్పుడు పెట్టె మీద పది కిలోమీటర్లు అని అచ్చు వేసుకున్న సెట్‌కు ఎక్కువ డబ్బు పెట్టడంలో అర్థమేముంది?

సిగ్నల్ పోయి మోడల్ కింద పడిన సందర్భాల్లో దూరం వల్ల పడినవి తక్కువ. కార్బన్ ఫైబర్ కరెంటును పారనిస్తుంది కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ తరంగాలను అడ్డుకుంటుంది. గ్లైడర్ పొట్ట కార్బన్‌తో చేసినదై, రిసీవర్ యాంటెన్నాలు లోపలే చుట్టి పెడితే, నెత్తి మీద తిరుగుతున్నప్పుడు కూడా సిగ్నల్ తెగుతుంది. వైర్ల కొసలు బయటికి తీయాలి, రెండుంటే ఒకదానికొకటి అడ్డంగా, తొంభై డిగ్రీల్లో పెట్టాలి. ఇక ట్రాన్స్‌మిటర్ మీది యాంటెన్నాను తుపాకీలా మోడల్ వైపు గురి పెట్టేవాళ్లను రోజూ చూస్తుంటాను. దాని కొస నుంచి వెళ్లే సిగ్నలే అన్నిటికన్నా బలహీనం, పక్కల నుంచి వెళ్లేదే బలమైనది. యాంటెన్నాను మెడ దగ్గర వంచి పక్కకు తిప్పుకుంటే చాలు, పైసా ఖర్చు లేకుండా రేంజ్ పెరుగుతుంది.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. లాంగ్ రేంజ్ అన్న ఆశతో కొందరు కుర్రాళ్లు 915 మెగాహెర్ట్జ్ మాడ్యూళ్లు తెప్పించుకుంటున్నారు. అది అమెరికా వాళ్లకు ఇచ్చిన బ్యాండు. మన దేశంలో ఆ చుట్టుపక్కల ఫ్రీక్వెన్సీలు మొబైల్ ఫోన్లకు ఇచ్చారు. 2.4 గిగాహెర్ట్జ్‌కు మాత్రం 2005లోనే లైసెన్స్ అక్కర్లేకుండా చేశారు. ఎక్స్‌ప్రెస్ఎల్ఆర్ఎస్ అని ఇప్పుడు బాగా పేరొచ్చిన పద్ధతి ఒకటుంది, అది 2.4లోనూ దొరుకుతుంది, 900 దగ్గరా దొరుకుతుంది. కొనేటప్పుడు 2.4 అని అడిగి తీసుకోండి. దాని రేంజ్ కూడా మన కళ్ల కన్నా ఎక్కువే.

వెనకటి సెట్ల గురించి ఒక్క మాట. 27, 35, 72 మెగాహెర్ట్జ్ సెట్లకు ఫ్రీక్వెన్సీని నిర్ణయించే క్రిస్టల్స్ ఉండేవి. బీట్లో ఇద్దరి దగ్గర ఒకే నంబరు క్రిస్టల్ ఉండి ఇద్దరూ స్విచ్ వేస్తే ఎగిరేది కాస్తా నేల మీదికి వచ్చేది. ఇప్పటి సెట్లు సెకనుకు ఎన్నోసార్లు ఫ్రీక్వెన్సీ మారుస్తూ పోతాయి, తమ రిసీవర్‌తో మాత్రమే జత కడతాయి. ఆ గొడవ పోయింది గానీ దాని బదులు ఇంకోటి వచ్చింది. ఒక్కో కంపెనీ భాష ఒక్కోటి. ఫ్లైస్కై రిసీవర్ ఫుటాబా ట్రాన్స్‌మిటర్ మాట వినదు, స్పెక్ట్రమ్‌ది ఇంకొకరికి పనికిరాదు. ట్రాన్స్‌మిటర్ ఒక్కసారే కొంటాం. రిసీవర్ మాత్రం ప్రతి మోడల్‌కూ ఒకటి కావాలి, చెట్టెక్కి పోయిన ప్రతిదాని బదులూ ఇంకోటి కావాలి. కాబట్టి కొట్టు వాణ్ణి మొదట అడగాల్సింది రిసీవర్ ధర. రేడియో చవగ్గా ఇచ్చి రిసీవర్ దగ్గర వాయించే సెట్లు ఉన్నాయి, ఎక్కువ ధర పెట్టి కొన్న రేడియో రెండో ఏడాదికి గిట్టుబాటయ్యే సెట్లూ ఉన్నాయి. రెండు మూడు మోడళ్లు అనుకుని లెక్క వేసుకుంటే తెలిసిపోతుంది. మీ పేజీలో ఈ లెక్క అసలు లేదు.

ఇక గ్లైడర్. మీ వ్యాసకర్త దీన్ని ఇంజన్ లేని విమానం అని ఒక్క మాటలో తేల్చేశారు కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇంజన్ లేదు కాబట్టే రెక్క ఆకారం మార్చుకుంటూ బతకాలి. మంచి గ్లైడర్ రెక్కలో నాలుగు సర్వోలు, అంటే రెక్క వెనక అంచులోని పలకలను కదిపే చిన్న మోటార్లు, ఉంటాయి. బయట రెండు పక్కకు వాలడానికి వాడే ఐలెరాన్లకు, లోపల రెండు కిందికి దించే ఫ్లాపులకు. గాలి పైకి లేస్తున్న చోట తిరిగేటప్పుడు రెక్క వెనక అంచు మొత్తం రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దించితే నెమ్మదిగా, ఎక్కువ సేపు తేలుతుంది. గాలికి ఎదురు పోవాలంటే అదే అంచును ఒక మిల్లీమీటరు పైకి లేపాలి. పైకి విసిరేటప్పుడు ఒక అమరిక, మామూలుగా తిరిగేటప్పుడు ఒకటి, దించేటప్పుడు ఇంకోటి. వీటినే ఫ్లైట్ మోడ్స్ అంటారు. ఒక్క స్విచ్ కదిపితే నాలుగు సర్వోలూ, ఎలివేటర్ (ముక్కును పైకీ కిందికీ తిప్పే తోక పలక) ట్రిమ్మూ అన్నీ కొత్త చోటికి వెళ్లాలి. ఈ పని చేసే రేడియోనే గ్లైడర్ రేడియో. ఛానళ్లు పదహారు ఉండి ఫ్లైట్ మోడ్స్ సరిగా లేకపోతే ఆ పదహారూ దండగే.

దించడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన బీళ్లు ఇంగ్లండ్ పచ్చిక మైదానాలు కావు. ఈ పక్క కంపచెట్లు, ఆ పక్క రాళ్ల గుట్ట, మధ్యలో వేరుశెనగ పీకేసిన చేను. ఉన్న కాస్త చోట్లో దింపాలంటే క్రో బ్రేక్ ఉండాలి. ఫ్లాపులు రెండూ బాగా కిందికి దిగుతాయి, ఐలెరాన్లు రెండూ కొంచెం పైకి లేస్తాయి, గ్లైడర్ వేగం చచ్చిపోయి నిటారుగా కిందికి వస్తుంది. దీన్ని స్విచ్‌తో కాకుండా ఎడమ స్టిక్‌తో, కావాల్సినంతే, కొంచెం కొంచెంగా వేయగలగాలి. ఫ్లాపులు దిగగానే ముక్కు పైకి లేస్తుంది, దానికి సరిపడా ఎలివేటర్ కిందికి కలపాలి. ఆ కలపడం సరళ రేఖలో ఉండదు. స్టిక్ మొదటి కదలికలోనే ఎక్కువ కావాలి, తర్వాత తగ్గుతూ పోవాలి. అందుకే ఆ కలపడానికి, అంటే మిక్సింగ్‌కు, ఐదు చోట్ల విలువ మార్చుకునే ఐదు పాయింట్ల కర్వ్ పెట్టే వీలుండాలి. నేను ఏ రేడియో మెనూ అయినా ముందు తెరిచి చూసేది దీన్నే. ఇది లేకపోతే మిగతా గొప్పలు వినను.

అనంతపురం జిల్లాలో థర్మల్స్ (పైకి లేచే వేడి గాలి) కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. ఎర్రనేల, దున్నిన చేలు, నీళ్లు లేని చెరువులు, బండరాళ్ల గుట్టలు, పొద్దున తొమ్మిది దాటితే అన్నీ వేడెక్కి గాలిని పైకి తోస్తాయి. గద్దలు ఎక్కడ రెక్క ఆడించకుండా తిరుగుతున్నాయో చూస్తే చాలు. అయినా గ్లైడర్ రెండు వందల మీటర్ల అవతల ఉన్నప్పుడు అది లేస్తోందో దిగుతోందో కంటికి ఆనదు. అందుకే వేరియో. గాలి పీడనం మారడాన్ని బట్టి ఎత్తు పసిగట్టే చిన్న సెన్సార్ అది. రిసీవర్ ఆ సమాచారాన్ని వెనక్కి పంపితే ట్రాన్స్‌మిటర్ కూత పెడుతుంది, పైకి లేస్తుంటే సన్నగా, త్వరత్వరగా, దిగుతుంటే బొంగురుగా. కళ్లు ఆకాశం మీదే ఉంటాయి, స్క్రీన్ చూసే పని లేదు. ఇంకో లాభం కూడా ఉంది. 110 మీటర్లు దాటగానే హెచ్చరించమని పెట్టుకుంటే 400 అడుగుల నిబంధన దానంతట అదే పాటించినట్టవుతుంది. మంచి థర్మల్ దొరికినప్పుడు ఆ హెచ్చరిక లేకుండా 400 అడుగుల దగ్గర ఆగినవాణ్ణి నేను చూడలేదు. కాబట్టి గ్లైడర్‌కు టెలిమెట్రీ (మోడల్ నుంచి సమాచారం వెనక్కి రావడం) ఉన్న రేడియో, టెలిమెట్రీ పంపే రిసీవర్, రెండూ కావాలి. చవక రిసీవర్లలో కొన్ని వినడమే గానీ తిరిగి మాట్లాడవు, అది చూసుకోవాలి.

హెలికాప్టర్‌కు వీటిలో ఏదీ అక్కర్లేదు. మా వాడి 450 సైజు హెలికాప్టర్‌లో ఫ్లైబార్‌లెస్ కంట్రోలర్, అంటే హెలికాప్టర్‌ను నిలకడగా ఉంచే చిన్న ఎలక్ట్రానిక్ పెట్టె, ఉంది. వెనకటి రోజుల్లో బ్లేడ్ల వాలు మార్చే స్వాష్‌ప్లేట్ మీది మూడు సర్వోలను కలిపి కదిపే లెక్క ట్రాన్స్‌మిటరే చేసేది. అందుకని హెలికాప్టర్ మెనూ గొప్పగా ఉన్న రేడియోల కోసం జనం ఎగబడేవారు. ఇప్పుడు ఆ లెక్క అంతా కంట్రోలరే చూసుకుంటుంది, రేడియో నుంచి దానికి ఏ మిక్సింగ్ లేని శుభ్రమైన సిగ్నల్ చాలు. రేడియోలోనూ కంట్రోలర్‌లోనూ రెండు చోట్లా మిక్సింగ్ పెడితే బ్లేడు ఎటు వంగుతుందో చెప్పలేం. కావాల్సిన ఛానళ్లు ఆరు: ఐలెరాన్ (పక్కకు వాలడం), ఎలివేటర్ (ముందుకూ వెనక్కూ వాలడం), రడ్డర్ (తోక తిప్పడం), థ్రాటిల్ (మోటారు వేగం), పిచ్ (బ్లేడు వాలు), గైరో గెయిన్ (తోకను నిలిపే గైరో ఎంత గట్టిగా పనిచేయాలన్నది). ఏడోది ఉంటే కంట్రోలర్ అమరికలు మార్చడానికి పనికొస్తుంది. ఇవి కాక థ్రాటిల్‌కూ పిచ్‌కూ వేర్వేరు కర్వ్‌లు, ఐడిల్ అప్ (మోటారు వేగం తగ్గకుండా ఉంచేది), థ్రాటిల్ హోల్డ్ (మోటారు ఆపేది) ఉండాలి. ఐదారు వేల స్థాయిలో దొరికే ఫ్లైస్కై ఐ6 లాంటి ఆరు ఛానళ్ల సెట్ కూడా ఈ పని చేసి పెడుతుంది.

మరి మా వాడి గోల ఏమిటంటే, ఆ థ్రాటిల్ హోల్డ్ స్విచ్ ఎక్కడుందన్నది. ఐడిల్ అప్‌లో ఉన్నప్పుడు స్టిక్ పూర్తిగా కిందికి లాగినా మోటారు ఆగదు, పూర్తి వేగంలో తిరుగుతూనే ఉంటుంది, బ్లేడు వాలు మాత్రమే తిరగబడుతుంది. తలకిందులుగా ఎగరేయడానికి అలా పెట్టుకుంటారు. నేల మీద ఉన్నప్పుడో, దగ్గరలోకి పిల్లాడెవరైనా పరిగెత్తుకొచ్చినప్పుడో మోటారు ఆపేది హోల్డ్ ఒక్కటే. 450 సైజు హెలికాప్టర్ బ్లేడు నిమిషానికి 2800 చుట్లు తిరిగితే దాని కొస వేగం గంటకు 350 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. ఆ స్విచ్‌ను కళ్లతో వెతికే టైముండదు, వేలు దానంతట అది అక్కడికి పోవాలి. నా రేడియోలో గ్లైడర్ మోడ్స్ కోసం మంచి చోట్లన్నీ మూడు పొజిషన్ల స్విచ్చులకు పోయాయి, హోల్డ్‌కు మిగిలింది మూలన ఉన్న పొట్టిది. వాడు అది పట్టుకుని ఎగరేయడానికి ససేమిరా అంటాడు. కొట్టులో రేడియో చేతికిచ్చినప్పుడు మెడలో పట్టీ వేసుకుని, రెండు బొటనవేళ్లూ స్టిక్కుల మీద పెట్టి, కళ్లు మూసుకుని హోల్డ్ వేసి చూడండి. తడుముకుంటే అది మీ రేడియో కాదు. స్విచ్ పొడుగుదీ పొట్టిదీ మార్చుకునే వీలున్న సెట్లూ ఉన్నాయి. ఇంకొకటి, స్విచ్ తప్పు పొజిషన్‌లో ఉండి ఆన్ చేస్తే అరిచి, సిగ్నల్ ఇవ్వకుండా ఆగే రేడియోనే తీసుకోవాలి.

ఎడమ స్టిక్ పట్టు గురించి కూడా మాకు తగవే. నాకు ఫ్లాపుల కోసం కొంచెం బిగువుగా, పెట్టిన చోట నిలిచేలా ఉండాలి. వాడికి టకటకమనే పళ్లు ఏమీ లేకుండా నూనె పూసినట్టు జారాలి. అదృష్టం కొద్దీ చాలా సెట్లలో వెనక మూత తీస్తే దీనికి స్క్రూలు ఉంటాయి, స్క్రూడ్రైవర్‌తో పోయే గొడవ. సిగ్నల్ ఆలస్యం గురించి మా వాడు మిల్లీసెకన్ల లెక్కలు చెబుతుంటాడు, 22 కన్నా 11 మేలంటాడు. హెలికాప్టర్‌తో విన్యాసాలు చేసేవాళ్లకు అది తెలుస్తుందేమో. గ్లైడర్ వాడికి తెలియనే తెలియదు.

ఒకే రేడియోతో రెండూ ఎగరేయొచ్చా అంటే, ఎగరేయొచ్చు. మీ వ్యాసంలో రాసినట్టు ఏదో ఒకటి మాత్రం సరిపోదు. లెక్క చూడండి. రెక్కలో నాలుగు సర్వోలు, ఎలివేటర్, రడ్డర్ కలిపి ఆరు. పైకి పోవడానికి ముక్కులో చిన్న కరెంటు మోటారు ఉంటే ఏడు. ఐ6 లాంటి దాంట్లో ఆరే ఛానళ్లు, సొంతంగా పెట్టుకునే మిక్సింగులు మూడే. మొదటి ఫోమ్ గ్లైడర్‌కు, మొదటి హెలికాప్టర్‌కు అది భేషుగ్గా పనిచేస్తుంది. నాలుగు సర్వోల రెక్క దగ్గరికి వచ్చేసరికి చేతులెత్తేస్తుంది. హెలికాప్టర్ మీదే మనసున్న కుర్రాడికి నేను అదే కొనమని చెబుతాను, మిగిలిన డబ్బుతో విడి బ్లేడ్లు కొనుక్కోమంటాను. గ్లైడర్ల వైపు పోయేవాడు, లేదా రెండూ కావాలనేవాడు మాత్రం ఎడ్జ్‌టీఎక్స్ సాఫ్ట్‌వేర్ నడిచే రేడియోలు చూడాలి. రేడియోమాస్టర్ బాక్సర్, టీఎక్స్16ఎస్ లాంటివి. ధర మూడు నాలుగు రెట్లు ఎక్కువ. అందులో ఒక్కో మోడల్‌కు తొమ్మిది ఫ్లైట్ మోడ్స్ పెట్టుకోవచ్చు, ఏ స్విచ్‌కు ఏ పని అన్నది మన ఇష్టం, కర్వ్ ఎక్కడైనా తగిలించొచ్చు. మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్ ఉన్నది తీసుకుంటే ఫ్లైస్కై, స్పెక్ట్రమ్, ఫ్రస్కై లాంటి చాలా కంపెనీల రిసీవర్లతో మాట్లాడుతుంది, అంటే ఇంతకుముందు కొన్న రిసీవర్లు పారేయక్కర్లేదు. కష్టమల్లా మొదట్లో. ఆ మెనూలు ఇంగ్లిషులో ఉంటాయి, తెల్ల కాగితంలా ఖాళీగా ఉంటాయి. ఐలెరాన్ ఎక్కడ, ఫ్లాప్ ఎక్కడ అని అంతా మనమే చెప్పుకోవాలి. ఓపిక లేనివాళ్లకు ఫుటాబా, స్పెక్ట్రమ్ సెట్లలో గ్లైడర్, హెలికాప్టర్ మెనూలు తయారుగా ఉంటాయి. రేడియోకీ రిసీవర్‌కీ డబ్బు ఎక్కువ, తలనొప్పి తక్కువ.

మోడ్ సంగతి, అంటే ఏ చేతి స్టిక్ ఏ పని చేస్తుందన్నది, మీ పేజీలో లేనే లేదు. మోడ్ 2లో థ్రాటిల్, రడ్డర్ ఎడమ చేతికి, ఎలివేటర్, ఐలెరాన్ కుడి చేతికి. మోడ్ 1లో థ్రాటిల్ కుడికి, ఎలివేటర్ ఎడమకు పోతాయి. మన దగ్గర ఎక్కువ మంది మోడ్ 2. ఏది గొప్ప అన్నది అనవసరం, మీకు నేర్పేవాడు ఏది పట్టుకుంటే మీకూ అదే. నేర్పేవాడి రేడియోకూ నేర్చుకునేవాడి రేడియోకూ ట్రైనర్ కేబుల్ తగిలిస్తే, కుర్రాడు తడబడగానే పెద్దవాడు స్విచ్ వదిలి తన చేతుల్లోకి తీసుకోవచ్చు. అందుకని పక్కన ఉన్నవాడి రేడియోతో జత కుదిరేదే కొనడం మంచిది, ఊళ్లో ఎవరూ వాడని జపాన్ సెట్ ఎంత మంచిదైనా సరే. అలాగే యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు తగిలించి సిమ్యులేటర్ ఆడుకునే వీలుండాలి. హెలికాప్టర్‌కు ఇది తప్పనిసరి. ముక్కు మన వైపు తిప్పి గాల్లో నిలబెట్టడం స్క్రీన్ మీద నేర్చుకోకుండా బీట్లో నేర్చుకుంటానంటే జేబు ఖాళీ.

మన ఎండా, మన దుమ్మూ అమెరికాలో కూర్చుని రివ్యూలు చెప్పేవాళ్లకు తెలియవు. ఏప్రిల్, మే నెలల్లో కలర్ టచ్ స్క్రీన్ ఉన్న రేడియో బయటికి తీస్తే అందులో మన మొహమే కనిపిస్తుంది. నలుపు తెలుపు స్క్రీన్ ఎండ ఎంత ఎక్కువుంటే అంత స్పష్టంగా ఉంటుంది. చూడ్డానికి పాతకాలపుదిలా ఉన్నా నా ఓటు దానికే. స్టిక్కుల కింద ఉండే గింబల్స్‌లో రెండు రకాలు. పాత రకంలో పొటెన్షియోమీటర్ ఉంటుంది, కార్బన్ పట్టీ మీద చిన్న రేకు రుద్దుకుంటూ తిరుగుతుంది. పాత రేడియోల వాల్యూమ్ నాబ్ తిప్పితే గరగరమనేది గుర్తుందా? అదే వస్తువు, అదే రోగం. దుమ్ము పడి, పట్టీ అరిగి, స్టిక్ కదపకపోయినా సర్వో అదురుతుంది. హాల్ సెన్సార్ రకంలో అయస్కాంతం దూరం నుంచే పనిచేస్తుంది, రాపిడి లేదు. ఆషాఢం గాలికి ఎర్రదుమ్ము లేచే జిల్లాలో ఐదేళ్లు వాడాలనుకుంటే హాల్ గింబల్స్‌కు ఇంకో వెయ్యి పెట్టడం దండగ కాదు.

బ్యాటరీల దగ్గర మోసం ఎక్కువ. చాలా రేడియోలకు 18650 సెల్స్ రెండు పడతాయి. అంగట్లో ఎర్ర రంగు సెల్ మీద 9900 ఎంఏహెచ్ అని అచ్చు వేసి అమ్ముతుంటారు. ఆ సైజు సెల్‌లో మంచి కంపెనీ వాళ్లే 3500 చుట్టుపక్కల పట్టించగలుగుతున్నారు. 9900 అని రాసి ఉంటే దాంట్లో 1000 కూడా ఉంటుందన్న నమ్మకం నాకు లేదు. గ్లైడర్ పైన ఉండగా రేడియో ఆరిపోతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

ఆరిపోతే ఏమవ్వాలన్నది మనమే ముందుగా పెట్టుకోవచ్చు, దాని పేరు ఫెయిల్‌సేఫ్. కొత్త సెట్ ఇంటికి తెచ్చాక అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని ఇదే. హెలికాప్టర్‌కు మోటారు ఆగిపోవాలి. గ్లైడర్‌కు మోటారు ఆగి, బ్రేకులు కొంచెం వేసి, కొద్దిగా పక్కకు తిరుగుతూ దిగాలి, లేకపోతే గాలివాటున పక్క ఊరికి పోతుంది. ప్రొపెల్లర్, బ్లేడ్లు తీసేసి, మోడల్ ఆన్‌లో ఉంచి, ట్రాన్స్‌మిటర్ ఆఫ్ చేసి కళ్లతో చూడాలి. కొన్ని రిసీవర్లలో ఏమీ పెట్టకపోతే చివరిగా అందిన ఆజ్ఞనే పట్టుకుని కూర్చుంటాయి, అంటే మోటారు పూర్తి వేగంలో ఉంటే అలాగే పోతూ ఉంటుంది. ఫెయిల్‌సేఫ్ పెట్టుకునే వీలు లేని రిసీవర్ ఎంత చవకైనా నేను ముట్టను. బీట్లో మొదటిసారి ఎగరేసే ముందు రేంజ్ చెక్ కూడా చేయాలి. రేడియోలో పవర్ తగ్గించే బటన్ ఉంటుంది, అది వేసి ముప్పై అంగలు వెనక్కి నడిచి స్టిక్కులు కదిపి చూడాలి. సర్వోలు సరిగా కదిలితే ఎగరేయొచ్చు. ఆ దూరంలోనే తడబడితే ఆ రోజుకు మూట కట్టుకోవడమే.

చట్టం గురించి మీరు రాసింది బాగానే ఉంది, ఒక్కటి కలపండి. డిజిటల్ స్కై మ్యాప్‌లో ఎక్కడ ఎగరేయొచ్చో చూసుకోమని చెప్పండి. పుట్టపర్తి, కడప, ఓర్వకల్లు విమానాశ్రయాల చుట్టూ 12 కిలోమీటర్ల దాకా పరిమితులు ఉన్నాయి. కర్నూలు పిల్లలు ఓర్వకల్లు రాళ్ల దగ్గర చోటు బాగుందని పోతుంటారు. అటు విమానాశ్రయం ఉంది, పాలకొలను దగ్గర డీఆర్‌డీవో వాళ్ల పరీక్షా కేంద్రమూ ఉంది. అడగకుండా అక్కడ ఏదీ ఎగరేయొద్దు.

చివరిగా నన్ను బాధపెట్టిన విషయం. మన జిల్లాల్లోని ఒక కాలేజీలో ఏరోమోడలింగ్ కోసం ట్రాన్స్‌మిటర్లు కొన్నారు. కొటేషన్లు పిలిచారు, తక్కువ ధర వేసినవాడికి ఇచ్చారు. వచ్చినవి బొమ్మల స్థాయి సెట్లు, ఒక్కోదానికి ఒక్క రిసీవర్, విడిగా దొరకదు. మోడల్ మెమరీ ఒక్కటే, అంటే ఒక విమానానికి పెట్టిన అమరిక ఇంకోదానికి మారిస్తే మొదటిది పోతుంది. పిల్లలు రెండు విమానాలు విరగ్గొట్టుకున్నాక అవి బీరువాలోకి పోయాయి. ఆ పిల్లలే నా షాపుకు వచ్చి చెప్పారు. వాళ్లలో ఒకమ్మాయి, "సార్, టెండర్‌లో ఏం రాయాలో మా వాళ్లకు ఎవరూ చెప్పలేదు" అంది. కాబట్టి ఇక్కడ చెబుతున్నాను. రిసీవర్ విడిగా, ఇండియాలో, బిల్లుతో దొరకాలని రాయండి. కనీసం పది మోడల్ మెమరీలు, ఎనిమిది ఛానళ్లు, పెట్టుకునే ఫెయిల్‌సేఫ్, హాల్ గింబల్స్, ట్రైనర్ సౌకర్యం, మోడ్ 2 అని రాయండి. ఒక్కో ట్రాన్స్‌మిటర్‌కు మూడు రిసీవర్ల ధర కలిపి కొటేషన్ అడగండి. తక్కువ ధర వేసినవాడు ఎవరన్నది అప్పుడు మారిపోతుంది.

మీరు కూడా వచ్చే సెలవులకు ఇలాంటి పేజీ వేస్తే ధరల పట్టికలో రేంజ్ అన్న గడి తీసేసి అక్కడ రిసీవర్ ధర వేయండి. దాని పక్కన ఫెయిల్‌సేఫ్ ఉందా లేదా అని ఒక గడి పెట్టండి. ఇక స్టిక్ పట్టుకుని చూడకుండా ఆన్‌లైన్‌లో కొనలేమనుకునే వాళ్లు సాయంత్రం ఆరు తర్వాత నా షాపుకు రావొచ్చు, నా రేడియో, మా మేనల్లుడి రేడియో రెండూ అక్కడే ఉంటాయి. నేను అమ్మేవాణ్ణి కాను కాబట్టి బేరం భయం లేదు. టీ మాత్రం వాళ్లే చెప్పాలి.

ఇట్లు,
ఒక టీవీ మెకానిక్,
కమలానగర్, అనంతపురం.